రెండు తిథుల మనిషి

మా ఆయన చనిపోయిన ఏడాది కార్తీకమాసంలో మా బావగారి కొడుకు మిరపతోటకు మందు కొనడానికి వీరులపాడు నుంచి జగ్గయ్యపేట వచ్చాడు. పనిలో పనిగా మా ఇంటికీ వచ్చాడు. టీ తాగుతూ, "పిన్నీ, వచ్చే ఆదివారం ఏకాదశి. బాబాయి తద్దినం. ఈసారన్నా నువ్వు రావాలి" అన్నాడు.

వీడికి మతి పోయిందేమో అనుకున్నాను.

"బాబాయి పోయింది మాఘంలో. ఏడాదన్నా తిరగలేదు. కార్తీకంలో తద్దినం ఏంట్రా?"

"ఏటా పెట్టేదేగా పిన్నీ."

"ఏటా ఎవరికి పెడుతున్నారు?"

"బాబాయికే."

"నిరుడు కార్తీకంలో బాబాయి ఈ మంచం మీదే కూర్చుని జామకాయ కోసుకు తిన్నాడు. ఆ మనిషికి పెట్టారా తద్దినం?"

"పెట్టాం. బాబాయి కూడా వచ్చాడుగా. నాలుగు గారెలు ఎక్కువే తిన్నాడు." వాడు నవ్వబోయి, నా మొహం చూసి గ్లాసు కింద పెట్టాడు. "నీకెప్పుడూ చెప్పలేదా పిన్నీ?"

చెప్పలేదు. నలభై నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

తాతయ్య గురించి రాసివ్వమని మా మనవరాలు చాలా రోజులుగా నా వెంట పడుతోంది. కొత్త నోటుబుక్కు కొని తెచ్చింది. దాన్ని దాని చదువుకే వాడుకోమని తిరిగి ఇచ్చేసి, పాత పుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలు చింపి కుట్టుకున్నాను. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. తప్పులుంటే అది దిద్దుకుంటుంది. దానికి కావలసింది రంగూన్ కథలు. నాకు మాత్రం ఏది రాయబోయినా ఆ ఆదివారమే అడ్డు వస్తోంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఆయన పదిహేనో ఏట ఒక మేస్త్రీ వెంట రంగూన్ వెళ్లారు. అక్కడ బియ్యం మిల్లులో పని. తర్వాత యుద్ధం వచ్చింది, బాంబులు పడ్డాయి, మనవాళ్లంతా కొండల మీదుగా నడిచి వచ్చారు. ఆయన మాత్రం సగం దారిలో వెనక్కి తిరిగి మళ్లీ రంగూనే చేరానని, పదేళ్ల తర్వాత ఓడెక్కి ఇంటికి వచ్చానని చెప్పేవారు. ఆ పదేళ్లలో ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే నవ్వేవారు. ఇంటికి వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు. ఆ మరుసటేడు నన్ను చేసుకున్నారు. మాది నందిగామ, నాకప్పుడు పదిహేడు. పెళ్లయిన నెలకే జగ్గయ్యపేటలో మిల్లు పని దొరికింది, బాయిలర్ దగ్గర. తిరిగొచ్చాక ఆయన వీరులపాడులో ఉన్నది మొత్తం మీద ఏడాదిన్నర కంటే ఎక్కువ ఉండదు.

పిల్లలకు ఆయనంటే ప్రాణం. నేనంటే భయం. ఇంట్లో ఒకరన్నా తిట్టేవాళ్లు ఉండాలి కదా, ఆ పని నా మీద పడింది. నేను ఫ్యాను ఆపితే ఆయన వేసేవారు. మనవలను మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని బర్మా భాషలో ఒకట్లూ రెండ్లూ నేర్పేవారు. తిత్, హ్నిత్, తోన్ అంటూ వాళ్లు ఇల్లంతా తిరుగుతుంటే నాకు చెవులు చిల్లులు పడేవి. బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, కళ్లు మూసుకునే నూక ఎంతో చెప్పేవారు. మిల్లు మానేశాక కూడా బజారులో వాళ్లు ఆయన్ని పిలిచి బియ్యం చూపించేవారు. ఓడ గురించి చెప్పేవారు, సముద్రం గురించి చెప్పేవారు. నడక గురించి మాత్రం పిల్లలు ఎంత అడిగినా, "నడిచాం. చాలామంది నడిచారు" అని ఊరుకునేవారు.

ఏటా కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే వీరులపాడు వెళ్లి సాయంత్రానికి వచ్చేవారు. అది మా మామగారి తద్దినమని నేను అనుకునేదాన్ని. పెద్దకొడుకు పెడతాడు, చిన్నకొడుకు వెళ్లి భోంచేసి వస్తాడు, అందులో అడగడానికి ఏముంది? మొదట్లో ఒకసారి "నువ్వూ వస్తావా?" అని అడిగారు. "ఇద్దరికి ఛార్జీలు దండగ, మీరెళ్లి రండి" అన్నాను. ఇంకెప్పుడూ అడగలేదు. ఆ బస్సు ఛార్జీ మిగుల్చుకున్నందుకు నాకు దక్కింది ఇదీ.

మా బావగారి కొడుకు ఆ రోజు తనకు తెలిసినంత చెప్పాడు. యుద్ధంలో నడిచి వచ్చినవాళ్లలో పెనుగంచిప్రోలు మనిషి ఒకడున్నాడట. దారి పక్కన ఒక కుర్రాడు చచ్చి పడి ఉండగా చూశాడట. మొహం చూడలేదు. కప్పిన దుప్పటి చూశాడు. గళ్ల దుప్పటి, మా అత్తగారు రంగూన్‌కు పంపించింది. అతనిది మా అత్తగారి పుట్టింటి పక్క ఊరే కాబట్టి ఆ దుప్పటి తీసుకెళ్లి ఇచ్చింది అతనే. వచ్చి కబురు చెప్పాడు. ఇంట్లోవాళ్లు కొన్నేళ్లు చూశారు. ఉత్తరం లేదు. అప్పుడు పురోహితుణ్ణి పిలిచి, దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దానికి నిప్పు పెట్టి, పన్నెండు రోజుల కర్మా చేశారు. పోయిన తిథి తెలియదు కాబట్టి కార్తీక బహుళ ఏకాదశి పెట్టుకోమన్నారట.

"ఆ తర్వాత మనిషి తిరిగొచ్చాడు కదరా. మరి మానెయ్యాలిగా?"

"మానెయ్యొద్దంది నాయనమ్మ. నాకంతకంటే తెలీదు. నాన్న పెట్టాడు, నాన్న పోయాక నేను పెడుతున్నా."

వాడు వెళ్లాక నేను మా వీధి చివర పురోహితుడి ఇంటికి వెళ్లాను. మాఘంలో మా అబ్బాయి చేత పెట్టించాల్సింది ఆయనే. జరిగింది చెప్పాను. ఆయన పంచాంగం మూసేశారు.

"అమ్మా, బొమ్మకు కర్మ చేశాక మనిషి తిరిగొస్తే, మళ్లీ పుట్టినట్టు లెక్క. పురుటి స్నానం దగ్గర నుంచి, పేరు పెట్టడం దగ్గర నుంచి అన్నీ కొత్తగా చెయ్యాలి. చేశారా?"

"నాకేం తెలుసండీ. నేను పెళ్లికూతుర్ని."

"చెయ్యకపోతే మరి..." అని ఆగారు.

"చెయ్యకపోతే? నేను చచ్చినవాణ్ణి పెళ్లి చేసుకున్నానంటారా?"

"అంత మాట నేననలేదమ్మా."

"అనండి. నలుగురు పిల్లలు, ఏడుగురు మనవలు. వాళ్లందరినీ ఏమంటారో అది కూడా చెప్పండి."

ఆయన లోపలికి తిరిగి మంచినీళ్లు అడిగారు. నేను అసలు సంగతి అడిగాను. ఒకే పేరు రెండు ఇళ్లలో, రెండు తిథుల్లో పిలిస్తే, ఆ మనిషి ఏ ఇంటికి వస్తాడు? కార్తీకంలో అన్న కొడుకు నీళ్లు వదిలాక, మాఘంలో సొంత కొడుకు వదిలితే అవి అందుతాయా? ఆయన "నాకు తెలీదమ్మా, పెద్దవాళ్లని కనుక్కుని చెబుతా" అన్నారు. చెప్పలేదు.

నాకు కావలసింది ఒక్కటే. మా ఆయన అన్నం మా ఇంట్లో తినాలి. తన తిథి నాడు, తన కొడుకు చేతి మీదుగా. దానికి అడ్డం వచ్చే ఆ కార్తీకం తద్దినం ఆగిపోవాలి. అందుకే ఆదివారం పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి, నందిగామలో దిగి, ఆటోలో వీరులపాడు వెళ్లాను. గుమ్మం ఎక్కుతూనే మా బావగారి కొడుకుతో, "ఈ ఏటి నుంచి ఆ పేరు ఇక్కడ పిలవడానికి వీల్లేదు. ఆయనకు కొడుకున్నాడు" అని చెప్పాను. వాడు "సరే పిన్నీ, అమ్మతో కూడా ఒకమాట మాట్లాడు" అన్నాడు.

మా తోటికోడలు వంటింటి గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నాకంటే అయిదేళ్లు పెద్ద. చెవులు బాగానే ఉన్నాయి, కళ్లే సరిగా లేవు.

"వచ్చావా? నలభై ఏళ్లకు దారి తెలిసిందా?" అంది.

"నాకు చెప్పినవాళ్లెవరక్కా?"

"మొగుడు చెప్పాలి. మేమెవరం చెప్పడానికి?"

"ఎందుకు ఆపలేదు? మనిషి ఎదురుగా కూర్చుని భోంచేస్తుంటే ఆ మనిషికే తద్దినం ఏంటక్కా? పిల్లలాటా?"

ఆవిడ ఒక చిక్కుడుకాయ ఈనె తీసి, పుచ్చు ఉందేమో వేలితో తడిమి గిన్నెలో వేసింది.

"కూర్చో. నువ్వూ నాలుగు కాయలు తియ్యి. మీ ఆయన వచ్చిన రోజు నేను ఇక్కడే ఉన్నా. కాపురానికి వచ్చి మూడేళ్లు. గడ్డం పెంచుకుని, భుజాన సంచీతో ఎవడో గుమ్మంలో నిలబడ్డాడు. 'అమ్మా' అన్నాడు. అత్తగారు వెంటనే పలకలేదు. చాలాసేపు చూసింది. నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డా, నా చెయ్యి నొప్పి పుట్టింది, అంతసేపు చూసింది. ఇద్దరూ దొడ్లోకి వెళ్లి మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు. లోపలికి వచ్చి 'నా కొడుకొచ్చాడు, అన్నం పెట్టు' అంది."

"అయితే?"

"అయితే ఏముంది. పెట్టా."

నేను కాయలు తియ్యడం ఆపాను. "అక్కా, ఏదో చెప్పబోయి మింగుతున్నావు."

"రంగూన్‌లో మీ ఆయన గదిలోనే ఇంకో కుర్రాడు ఉండేవాడంట. ఇద్దరిదీ ఒకటే ఈడు. వాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. ఇద్దరూ కలిసే నడిచారంట. ఒకడికి జ్వరం వచ్చింది. రెండోవాడు దుప్పటి తీసి వాడికి కప్పాడు. ఇదంతా మీ ఆయన చెప్పిందే. చచ్చినవాడు ఆ కుర్రాడే, దుప్పటి చూసి మనవాడు అనుకున్నారు అన్నాడు. కావొచ్చు."

"కావొచ్చు ఏంటి?"

"పదిహేనేళ్లప్పుడు వెళ్లినవాడు ముప్పై ఏళ్లప్పుడు వస్తే ఎవరు గుర్తుపడతారు? మీ బావగారికి కూడా తెలియలేదు. 'అమ్మ ఔనన్నాక నేనెవర్ని కాదనడానికి' అన్నాడు. వచ్చిన రోజున బావి ఎక్కడుందో అడక్కుండానే వెళ్లి చేద తీసుకున్నాడు. అప్పుడు నేను అనుకున్నా, మనవాడే అని. తర్వాత ఆలోచిస్తే, ఒకే గదిలో అయిదేళ్లు పడుకున్నవాడు చెప్పుకోడా, మా ఇంట్లో బావి ఇక్కడ, చింతచెట్టు అక్కడ అని?"

ఆవిడ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. పురోహితుడు మళ్లీ పేరు పెట్టాలంటే అత్తగారు ఒప్పుకోలేదట. తద్దినం మానేద్దామని మా బావగారంటే, "పోయినవాడికీ పెట్టాలి, వచ్చినవాడికీ పెట్టాలి" అన్నదట. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చనిపోయేదాకా చెప్పలేదు. మా ఆయన ఏటా వచ్చి, నీళ్లు వదిలేదాకా బయట అరుగు మీదే కూర్చునేవారట. ఎన్నిసార్లు పిలిచినా లోపలికి వచ్చేవారు కాదు. అయ్యాక వచ్చి భోంచేసేవారు.

"అత్తగారు చెప్పేది, చిన్నప్పుడు కొడుక్కి ఎడమకాలి మీద కొడవలి గాటు పడిందని, మడమ పైన. నీకు తెలియాలి ఉందో లేదో. నేను మరిది కాలు చూస్తానా?"

నాకు తెలియాలి. నిజమే. ఆ ఎడమకాలు బాయిలర్ ఆవిరికి కాలింది. మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు. మడమ నుంచి పిక్క దాకా తోలు ఊడివచ్చింది. నేనే నెలరోజులు మందు రాశాను. ఆ కాలు నాకు బాగా తెలుసు, కాలిన తర్వాత. కాలకముందు పెళ్లయి రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఆయన కాలి వంక ఎప్పుడైనా చూశానా? పొద్దున నాలుగింటికి లేచే మనిషి, రాత్రి తొమ్మిదింటికి వచ్చే మనిషి. నేను కొత్త కోడల్ని. ఎంత గుర్తు తెచ్చుకున్నా, ఒకసారి గాటు ఉన్నట్టు ఉంటుంది, ఇంకోసారి నున్నగా ఉన్నట్టు ఉంటుంది.

ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది. పొలం. మా మామగారికి ఆరెకరాలు. ఇందులో సగం మనది కదా, అడగండి అని పెళ్లయిన కొత్తలో నేను ఎన్నేళ్లు పోరానో. "నాకు మిల్లు ఉంది" అనేవారు. చేతకాని మనిషి అన్నాను. అన్నకు భయపడే మనిషి అన్నాను. పిల్లల ముందు కూడా అన్నాను. తనది కాదని అడగలేదా? తమ్ముడు కాబట్టి అన్నకు వదిలేశాడా? ఎటు అనుకున్నా సరిపోతుంది.

పురోహితుడు నందిగామ నుంచి స్కూటరు మీద వచ్చాడు, కుర్రవాడు. మా బావగారి కొడుకు స్నానం చేసి తడిబట్టతో కూర్చున్నాడు, వేలికి దర్భ ఉంగరం పెట్టుకున్నాడు. పురోహితుడు గోత్రం అడిగాడు, చెప్పాడు. పేరు అడిగాడు. వాడు నా వైపు చూశాడు. పొద్దున గుమ్మంలో నేను అన్నది వాడికి గుర్తుంది.

ఆ పేరు నాదనే కదా నేను బస్సెక్కి వచ్చింది. తీసుకెళ్లిపోదామని. ఇప్పుడు తీసుకెళ్తే, అది దారి పక్కన జ్వరంతో పోయిన కుర్రాడి పేరైతే? ఈ ఇంట్లో పుట్టి, ఈ బావి నీళ్లు తాగి, పదిహేనో ఏట వెళ్లినవాడి పేరైతే? వాడికి ఆ గుక్కెడు నీళ్లు తప్ప ఈ లోకంలో ఇంకేం లేవు. కాకపోతే? అది నా మొగుడి పేరే అయితే? అప్పుడు ఎవరో ఊరూ పేరూ లేనివాడికి ఆయన పేరు అప్పిచ్చినట్టు. ఇచ్చారు కదా దుప్పటి.

పురోహితుడు చేతిలో నీళ్లు పట్టుకుని, "పేరు చెప్పండి, ఇంకో రెండిళ్లకు వెళ్లాలి" అన్నాడు.

"చెప్పరా. ఎప్పుడూ చెప్పేదే చెప్పు" అన్నాను.

మా తోటికోడలు లోపల నుంచి, "ఏమైందే, ఆపిస్తానన్నావంటగా?" అంది.

"నాకేం తెలీడం లేదక్కా" అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అనడం నాకు అదే మొదటిసారి అనుకుంటాను.

నందిగామలో బస్సులో సీటు దొరకలేదు. చిల్లకల్లు దాకా నిలబడే వచ్చాను. ఇంటికి రాగానే మా అబ్బాయి "మానేస్తామన్నారా అమ్మా?" అని అడిగాడు. "నీ సంగతి నువ్వు చూసుకో, మాఘానికి సామాను ఏం కావాలో రాసుకో" అన్నాను. వాడికి ఇప్పటికీ నేను పూర్తిగా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. ఇంత వయసొచ్చాక తెలిస్తే నష్టం లేదు.

ఆ రెండు నెలలూ నేను సరిగా తినలేదు. రేషన్ కార్డు తీసి చూశాను. ఓటు కార్డు చూశాను. మిల్లువాళ్లు ఇచ్చిన కాగితం చూశాను. అన్నిటి మీదా ఒకటే పేరు, వీరులపాడులో పిలిచేశారు దాన్ని. నాతో కాపురం చేసిన మనిషికి పిలవడానికి వేరే పేరు ఏమైనా ఉందా అంటే నాకు తెలియదు. మా ఆయన్ని నేను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, మా కాలంలో ఎవరు పిలిచారు? "ఇదిగో" అనేదాన్ని. "మిమ్మల్నే" అనేదాన్ని. ఒకరోజు పప్పు పోపు పెడుతూ కోపం వచ్చింది. ఏ ఊరివాడైతే నాకేం, నాతో ఉన్నది ఎవరో నాకు తెలియదా? తెలుసు. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకునే మనిషి. తుమ్మితే వరసగా మూడుసార్లు తుమ్మే మనిషి. మళ్లీ ఆ పూటే, మరి చెప్పలేదేం అని ఏడుపొచ్చింది. నన్ను నమ్మకనా? నా నోటికి భయపడా? పొలం కోసం నేను అన్ని మాటలన్నాక ఏ మనిషి చెబుతాడు?

మాఘం వచ్చింది. పిల్లలు నలుగురూ వచ్చారు. మా వీధి పురోహితుడే వచ్చారు. నేను అడిగినదానికి జవాబు తెచ్చారేమో అని చూశాను, ఆయన నా కళ్లలోకి చూడకుండా దర్భలు సర్దుకున్నారు. మా అబ్బాయి కూర్చున్నాడు. గోత్రం చెప్పాడు, పేరు చెప్పాడు. పురోహితుడు మంత్రం ఎత్తుకోబోయారు.

"ఆగండి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"పేరుతో పాటు ఇంకో మాట చెప్పండి. నా పేరు చెప్పి, ఈవిడ భర్త అని చెప్పండి."

"అట్లా చెప్పే ఆచారం లేదమ్మా. తండ్రి పేరు, తాత పేరు చెబుతాం కానీ..."

"వాళ్లు ఎవరో నాకు తేలడం లేదు. నేనెవరో నాకు తెలుసు. చెప్పండి."

"మంత్రంలో ఇమడదమ్మా."

"మంత్రంలో వద్దు. ఆయనకు సంస్కృతం రాదు. తెలుగులోనే చెప్పండి, జగ్గయ్యపేటలో ఫలానా ఆవిడ మొగుడు అని. అట్లా పిలిస్తే ఎక్కడున్నా ఆయనే వస్తారు, ఇంకొకరు రారు."

మా పెద్దమ్మాయి "అమ్మా, ఏంటిది?" అని నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. పురోహితుడు గొంతు తగ్గించి నా పేరు చెప్పి, ఈమె భర్తకు అన్నారు. నా పేరు ఒక మగవాడి నోట పైకి వినడం బడి మానేశాక అదే మొదటిసారి.

మా అబ్బాయి నీళ్ల గ్లాసు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"చూస్తావేంట్రా? మీ నాన్న వచ్చి ఉంటాడు. నీళ్లొదులు" అన్నాను.